మామయ్య తుపాకీ, వదిన గురీ

పోయిన గురువారం పొద్దున మా వదిన, మావారి అక్క, కన్నుమూసింది. చాలాకాలం నర్సుగా పనిచేసిన ఆసుపత్రిలోనే, చివరి వారం రోజులూ మంచం మీద గడిపి పోయింది. అక్కడి కాంపౌండరు సంగారెడ్డిలో మొదటి బస్సు పట్టుకుని పటాన్‌చెరులోని మా ఇంటికి వచ్చి చెప్పాడు. అప్పుడు మావారు షిఫ్టుకు తయారై గడప మీద కూర్చుని బూట్లు వేసుకుంటున్నారు. "నిద్రలనే పోయింది సార్. కష్టపడలే," అన్నాడు కాంపౌండరు. మావారు ఒక బూటు లేసు ముడివేసి, రెండోది మరిచిపోయి, అలాగే లేచి బస్టాండు దారి పట్టారు. నేను తలుపుకు తాళం పెట్టి వెనకాలే పరుగెత్తాను.

బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నారు. కంది దగ్గర మా జొన్నచేను కనబడగానే, "అక్క ఉంటే ఈ ఏళకు చేన్ల ఉండేది," అన్నారు.

ఆ సాయంత్రం సమాధి దగ్గర పాస్టరు గారు ఆమెను మంచి నర్సు అన్నారు, ప్రార్థన మానని మనిషి అన్నారు. రెండూ నిజమే. ఆమె తుపాకి మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఆడమనిషి, అందులోనూ నర్సు, ఆ సమయంలో ఆ మాట బాగుండదనుకున్నారేమో. నాకు మాత్రం వదిన అంటే ముందుగా కళ్ళముందుకొచ్చేది చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, తెల్ల కాన్వాసు బూట్లు వేసుకుని, భుజాన తుపాకితో కోసిన చేలో నడిచే మనిషే. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మాది కృష్ణ ఒడ్డున ఒక ఊరు. చర్చివాళ్ళ ద్వారా కుదిరిన సంబంధం మీద అరవైల మొదట్లో ఈ వైపు కోడలిగా వచ్చాను. మావారు పటాన్‌చెరు దగ్గర కొత్తగా వెలిసిన కర్మాగారంలో టూల్‌రూమ్ పనిలో చేరారు. అప్పట్లో కాపురం కందిలోనే, మా మామయ్య ఇంట్లో. అత్తగారు లేరు. ఆవిడ పోయేనాటికి మావారు చిన్నవాడట. తమ్ముణ్ణి పెంచింది, చదివించింది వదినే. తన పెళ్ళి మాట మాత్రం ఎత్తనివ్వలేదు. ఇంటి నుంచి సైకిలు మీద సంగారెడ్డి ఆసుపత్రికి వెళ్ళి వచ్చేది.

నేను వచ్చిన మొదటి ఆదివారం చర్చి అయ్యాక వదిన వంటింట్లో పీట వేసుకుని, ఈకలు తీసిన కౌజుపిట్టల్ని పళ్ళెంలో పెట్టుకుని కూర్చుంది. చేతిలో ఆసుపత్రి పట్టకారు. మాంసంలో ఇరుక్కున్న సీసపు రవ్వల్ని ఒక్కొక్కటే పట్టి తీసి గిన్నెలో వేస్తోంది. గిన్నెలో టిక్కు టిక్కుమని చప్పుడు. నేను వింతగా చూస్తుంటే నవ్వింది.

"గివి ఛర్రాలు. పంటి కింద పడితే పన్ను ఇరుగుతది. ఏమంటవు పిల్లా, మీ దిక్కు ఆడోళ్లు తుపాకి పట్టరా?"

"మా వైపు మగవాళ్ళు కూడా పట్టరు వదినా."

"అయితే పిట్టల్ని ఎట్ల తింటరు?"

"కొనుక్కుంటాం."

ఆ మాటకు ఆమె నవ్విన నవ్వు పెరట్లో ఉన్న మామయ్యకు వినిపించి, "ఏందమ్మా?" అని లోపలికి తొంగిచూశారు.

ఆ తుపాకి మామయ్యది. ఆయన బడిపంతులు. చేను కాపాడుకోవడానికి లైసెన్సు తీసుకున్నారు. పెద్దపిల్ల కాబట్టి కూతురికి ముందు నేర్పారు, తర్వాత కొడుక్కు. పన్నెండు బోరుది, పక్కపక్కన రెండు గొట్టాలు, ఒక్కొక్కటి ముప్పై రెండు అంగుళాల పొడవు. రెండు గొట్టాలూ మూతి దగ్గర లోపల బాగా ఇరుకు. ఆ ఇరుకును చోక్ అంటారు. తూటా పేలినప్పుడు ఛర్రాలు ఆ ఇరుకులోంచి ఒత్తుకుని బయటపడి, చాలా దూరం చెదరకుండా గుంపుగా పోతాయి. చలికాలంలో చెరువు మీద ఎత్తుగా పోయే బాతులకు అలాంటి తుపాకి కావాలి. మామయ్యకు ఇష్టం బాతులే.

వదినకు ఇష్టం కౌజులు. అవి చెరువు బాతుల్లా కాదు. కోసిన చేలో నడుస్తుంటే కాళ్ళకిందనుంచే బుర్రుమని లేస్తాయి, రెప్పపాటులో కంచె దాటిపోతాయి. అంత దగ్గర్లో ఇరుకు మూతి తుపాకి పేలిస్తే ఛర్రాలన్నీ ముద్దగా పోతాయి. గురి కొంచెం తప్పినా పిట్ట ఎగిరిపోతుంది, కుదిరితే తినడానికి ఏమీ మిగలదు. పైగా వదిన పొట్టి మనిషి. అంత పొడవు గొట్టం గబుక్కున తిప్పాలంటే చేతికి బరువు, నిలబడిన జొన్న కర్రలకు తగిలేది.

ఇవన్నీ నాకు చెప్పింది ఆమే. చేలో తిప్పుతూ, ఏ పిట్ట దగ్గరో, ఏది దూరమో చూడటం నేర్పింది. "కన్ను కనపడితే మస్తు దగ్గర, ఆగు. రెక్క మీద రంగు కనపడితే సరిపోయింది. ఉట్టి నల్లగ కనపడిందా, నీది గాదు, పోనియ్." నేను ఎన్నడూ తుపాకి పేల్చలేదు గాని, ఇప్పటికీ ఎగిరే పిట్టను చూస్తే ముందు రెక్క మీద రంగు వెతుకుతాను. ఆమెకు ఇంకో పట్టుదల ఉండేది. దెబ్బ తిన్న పిట్ట పొదల్లో పడితే, అది దొరికేదాకా ఇంకో తూటా వేసేది కాదు. ఎండలో ముళ్ళ మధ్య గంట సేపు వెతికిన రోజులున్నాయి. "కొట్టింది నేను, ఎతికేది గూడ నేనే," అనేది. విసుక్కునేది కాదు.

నేను కాపురానికి వచ్చిన మూడో ఏట మామయ్య పోయారు. లైసెన్సు మావారి పేరు మీదికి మారింది, చేను చూసుకునేది వదిన కాబట్టి ఆమె పేరూ చేర్చారు. ఇంట్లో గొడవ మొదలైంది అప్పుడే.

ఒక సాయంత్రం భోజనాల దగ్గర వదిన మామూలుగా అంది, "తమ్మీ, తుపాకి పట్నం పంపుదాం. నాల్గు అంగుళాలు కోపిద్దాం. చేన్ల పనికొస్తది."

మావారు చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశారు. "కోసుడా? నాయిన తుపాకి అది. నాయిన ఎట్ల ఇడిసిపోయిండో గట్లనే ఉంటది."

"నాయిన చెప్పులు గూడ ఉన్నయి. నీ కాళ్లకు పడ్తలేవని కొత్తయి కొనుక్కోలేదా?"

"పొడుగు గొట్టం దూరం కొడ్తది అక్కా. దాన్ని పొట్టిగ జేసి ఏం జేస్తవు?"

"దూరం కొట్టేది పొడుగు గాదు రా. గొట్టం సగం దాటకముందే మందు కాలిపోతది. ఆ పొడుగు నీ కన్నుకు ఆసర, అంతే. ఛర్రా ఎట్ల పరుసుకోవాల్నో చెప్పేది మూతి."

"నువ్వు చెప్తే అయిపోద్దా?"

"నేను చెప్పుడెందుకు? నువ్వే సూడు."

ఆ ఆదివారం ఆసుపత్రిలో పారేసిన పాత దుప్పట్లకు సున్నం పూసి, చేను గట్టుకు ఆనించి కట్టింది. ముందు ఇరవై అంగల దూరంలో నిలబడి పేల్చింది. దుప్పటి మధ్యలో చేట అంత చోట చిల్లులన్నీ కుప్పపడ్డాయి. కొత్త దుప్పటి కట్టి నలభై అంగల నుంచి పేల్చింది. చిల్లులు బండి చక్రం మేర చక్కగా పరుచుకున్నాయి. మావారు టూల్‌రూమ్ మనిషి. కొలిచి చూడనిదే దేన్నీ నమ్మరు. జేబులోంచి కాలిపర్ తీసి గొట్టం మూతి లోపల ఒకచోట, కాస్త లోపలికి ఇంకోచోట కొలిచారు. చాలాసేపు చూశారు.

"నిజమే," అన్నారు చివరికి. "నలభై అంగల కాడ ఇది బంగారం. ఇరవై కాడ పనికిరాదు. కాని కొయ్యనియ్య."

"నిజమని నువ్వే అంటివి గద?"

"నిజం వేరు, నాయిన వేరు."

అక్కడితో మాటలు ఆగిపోయాయి. అన్నం ఒకే ఇంట్లో తిన్నారు, ప్రార్థన ఒకే చాప మీద చేశారు. మాట్లాడుకున్నది మాత్రం నా ద్వారా. "పిల్లా, మీ ఆయనకు చెప్పు, బాయి మోటారు ఆగింది." ఆయన ఆ పక్కనే ఉండేవారు. "మీ వదినెకు చెప్పు, ఇనపడ్డది." వానాకాలమంతా ఇలాగే సాగింది. నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. ఆ ఇద్దరూ ఒకరంటే ఒకరికి ఎంత ప్రాణమో తెలిసిన దాన్ని కాబట్టి నేను భయపడలేదు. అయినా ఇల్లు చిన్నబోయింది.

చలికాలం వచ్చింది. చెరువులో బాతులు దిగాయి. ఒక ఆదివారం తెల్లవారాక మావారు తుపాకి తీసుకుని బయల్దేరారు. "నేను గూడ వస్త, చెరువు జూసి మస్తు దినాలాయె," అంది వదిన నాతో, ఆయనకు వినిపించేలా. ఆయన వద్దనలేదు. నేను సద్దిగిన్నె పట్టుకుని వెంట నడిచాను.

చెరువు దగ్గర ఒక కాలవ దాటాలి. మావారు దూకేటప్పుడు కాలు జారి ఒక మోకాలి మీద పడ్డారు. తుపాకి మూతి బురదలో దిగింది. ఆయన లేచి చొక్కా దులుపుకున్నారు, తుపాకిని ఒకసారి తొడకు రాసుకున్నారు. ఇంకో రోజైతే దాన్ని విప్పి గొట్టాల్లోంచి ఆకాశం వైపు చూసేవారు. తూటాలు పెట్టేముందు అలా చూడటం ఆ ఇంటి అలవాటు, మామయ్య నేర్పిందే. ఆ రోజు అక్క వెనకాల ఉందన్న బింకమో ఏమో, చూడలేదు. అప్పటికి వదిన, నేను ఇంకా కాలవ ఇవతలే ఉన్నాం. ఆయన పడటం చూశాం గాని మూతి బురదలో దిగడం మాకు కనబడలేదు.

నీళ్ళ మీదనుంచి బాతుల గుంపు లేచింది. ఆయన కుడి గొట్టం పేల్చారు.

ఆ చప్పుడు మామూలు చప్పుడు కాదు. ఏదో చీలినట్టు. మావారు తుపాకి వదిలేసి, చెవులు పట్టుకుని నిలబడిపోయారు. నేను అరిచానట, నాకు గుర్తులేదు. వదిన అరవలేదు. కాలవలో నడుము లోతు నీళ్ళలోకి దిగి అటు తేలి, ఆయన్ని రెండు భుజాలూ పట్టి కింద కూర్చోబెట్టింది.

"కండ్లు తెరువు. నా దిక్కు సూడు. నా వేలు ఎటు పోతే అటు సూడు. చెయ్యి సూపియ్. గా చెయ్యి గూడ."

ఆయన పిల్లాడిలా రెండు చేతులూ చాపారు. ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, మడిచి చూసింది. మెడ తడిమింది, చెవుల్లోకి చూసింది. ఎక్కడా దెబ్బ లేదు. అది తేలాక చెంప మీద ఒక్కటి కొట్టింది.

"ఎందుకు సూడలే? నా మీద కోపం ఉంటే నా మీద సూపియ్యాలె. కండ్లెందుకు పోగొట్టుకుంటవు రా?"

ఆ కొట్టిన చేతితోనే ఆయన తల తన పొట్టకు అదుముకుంది. వానాకాలం మొదలు నేరుగా తమ్ముడితో ఆమె అన్న మొదటి మాటలు అవి.

తుపాకి చూస్తే, మూతిలో బురద అడ్డుపడి కుడి గొట్టం మూతికి కొంచెం ఇవతల ఉబ్బి, బెత్తెడు లోపే చీలి ఉంది. ఎడమది బాగానే ఉంది. మావారు దారంతా ఒకటే మాట. "ఎడమది కొయ్యొద్దు అక్కా. కుడిది మూసేద్దాం. ఎడమది నాయినది లెక్క ఉంటది." వదిన చీలిన తుపాకిని భుజాన వేసుకుని ముందు నడిచింది.

రెండు రోజులకు ముగ్గురం పట్నం వెళ్ళాం. తుపాకులు బాగుచేసే ముసలాయన దాన్ని వెలుతురులో తిప్పి చూసి, రెండు గొట్టాలూ కలిపి అతికినవి కాబట్టి ఒకదాన్ని వదిలి ఇంకోదాన్ని కోయడం కుదరదన్నాడు. నాలుగు అంగుళాలు పోతాయి. రెండు మూతుల ఇరుకూ ఆ ముక్కతోనే పోతుంది. లేదంటే దీన్ని పక్కన పెట్టేయండి, ఇక పేల్చొద్దు అన్నాడు.

మావారు దుకాణం మెట్టు మీద కూలబడ్డారు. వదిన వెళ్ళి పక్కన కూర్చుంది. తను కోరుకున్నదే జరుగుతోంది. ఇంకొకరైతే ఒక మాట అనేవారు. ఆమె మాత్రం ఇలా అంది:

"తమ్మీ, నాయిన దూరం కొట్టేటోడని నువ్వు యాది జేసుకుంటున్నవు. నాకు యాదికున్నది ఏందంటే, దూరమున్న పిట్టను కొట్టకుంట ఇడిసేటోడు. పదిసార్లు తుపాకి ఎత్తి తొమ్మిదిసార్లు దించేటోడు. గది గొట్టంల లేదు గద రా?"

ఆయన కళ్ళు తుడుచుకున్నారు.

ఆమె లోపలికి వెళ్ళి ముసలాయనతో అంది, "కొయ్యుండ్రి. కాని మావోనికి బాతులంటే పానం. ఒక్క గొట్టానికన్న ఇరుకు తెచ్చే ఉపాయం లేదా?"

"కోసిన మూతికి మళ్ళ ఇనుము యాడికెంచి తెస్తం అమ్మా?" అన్నాడాయన.

అప్పుడు మావారు మెట్టు మీదినుంచి లేచారు. పనిలో పడ్డ మనిషి ముఖం వచ్చింది ఆయనకు. "మూతి ఇరుకు చెయ్యలేకుంటే, దాని ఎనక లోపల కొంచెం వెడల్పు జేస్తే? అప్పుడు మూతి దానంతటదే ఇరుకైతది గద?"

ముసలాయన కళ్ళద్దాలు పైకి జరిపి ఆయన్ని చూశాడు. "చేస్తరు. మా అబ్బ చేసేటోడు. గొట్టం గోడ మందం ఉండాలె."

ఇద్దరూ కాలిపర్ పెట్టి మందం కొలిచారు. సరిపోయింది. ఎడమ గొట్టానికి అలా చేయాలని, కుడిది ఉన్నదున్నట్టు తెరిచి ఉంచాలని తేలింది. వదిన పక్కన నిలబడి, "కుడిది నాది, ఎడమది నీది," అంది. బండ మీద గీత గీసి పొలం పంచినంత ధీమాగా చెప్పింది. మావారు చాలా నెలల తర్వాత ఆమెను చూసి నవ్వారు.

తుపాకి వచ్చిన రోజు మళ్ళీ దుప్పట్లు కట్టారు. కుడి గొట్టం ఇరవై అంగల దగ్గర రెండు చేటలు పక్కపక్కన పెట్టినంత మేర ఛర్రాలు పరిచింది. కౌజుకు అంతకంటే ఏం కావాలి? ఎడమది మునుపటంత బిగువు కాదు గాని, ముప్పై అయిదు అంగల దాకా గట్టిగానే నిలబడింది. రెండు గొట్టాల మధ్య పడిన సందును ముసలాయన టంకం వేసి పూడ్చాడు, గురి చూసే ఇత్తడి పూసను కొత్త మూతి మీద కూర్చాడు. వదిన దాన్ని భుజానికి ఎత్తుకుని ఇటూ అటూ తిప్పి చూసింది. "ఇప్పుడు నా చేతి మాట ఇంటది," అంది.

ఆ తర్వాతి పదేళ్ళూ నేను చూసిన మంచి రోజులు. అక్కాతమ్ముళ్ళు ఒకే తుపాకితో వెళ్ళేవారు. చేలో ఆమె ముందు, చెరువు దగ్గర ఆయన ముందు. కౌజుల జంట లేస్తే దగ్గరి దానికి కుడి గొట్టం, పారిపోయే దానికి ఎడమది. చెరువు మీద ఆయన ఎత్తున పోయే బాతుల్ని వదిలేయడం అలవాటు చేసుకున్నారు. "దగ్గరికి రానియ్," అని వెనకనుంచి మెల్లగా అనేది ఆమె. తుపాకి తుడిచేటప్పుడు మాత్రం తమ్ముణ్ణి నమ్మేది కాదు. కిరోసిన్‌లో ముంచిన బ్యాండేజీ గుడ్డతో తనే తుడిచి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, తర్వాతే అన్నం గిన్నె ముట్టేది. నా ఇద్దరు పిల్లలూ ఆమె చేతుల్లోనే పుట్టారు. ఆ చేతుల మీద నాకున్న నమ్మకం ఇంకెవరి మీదా లేదు.

కర్మాగారాలు పెరిగాయి. మేము పటాన్‌చెరుకు మారాం. కౌజులు తగ్గాయి, వేట మీద కొత్త నిబంధనలు వచ్చాయి. ఉద్యోగం మానేసిన ఏడు వదిన చేనంతా ఒకసారి తిరిగి వచ్చి, "ఇగ చాలు తమ్మీ. కడుపు నిండ తిరిగిన," అని తుపాకి తమ్ముడికి అప్పగించింది. అందులో బాధ కనబడలేదు. పని పూర్తయిన మనిషి చేతులు కడుక్కున్నట్టు ఉంది. ఆ తర్వాత కూడా రోజూ చేనుకు వెళ్ళేది, చేతికర్ర పట్టుకుని.

గురువారం సాయంత్రం కంది చర్చి వెనక ఆమెను మట్టికి అప్పగించాం. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక మావారు, నేను చేను వైపు నడిచాం. వానలు వెనకబట్టి బండిదారి మెత్తగా ఉంది. రెండు పక్కలా జొన్న నిలువెత్తు పెరిగి, కంకులు అప్పుడే పాలు పోసుకుంటున్నాయి. నేను ముందు నడుస్తున్నాను. మావారు నా మోచెయ్యి పట్టి ఆపారు.

దారికి అడ్డంగా ఒక కౌజు వచ్చి నిలబడింది. తల ఎత్తి చూసింది. దాని కన్ను నాకు స్పష్టంగా కనబడింది. అది అవతలి చేలోకి నడిచింది. దాని వెనక పిల్లలు, ఒకదాని తోక పట్టుకుని ఒకటి అన్నట్టు, దూదిపింజల్లా పరుగెత్తాయి. చివరి పిల్ల బండిచక్రం గాడిలో పడిపోయింది. ఎక్కబోయి జారింది, మళ్ళీ ఎక్కబోయి జారింది. అవతలి జొన్నలోంచి తల్లి పిలిచింది. మేమిద్దరం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. పిల్ల గాడి వెంట కొంత దూరం పరుగెత్తి, అంచు తక్కువగా ఉన్నచోట పైకి ఎక్కి, జొన్న మొదళ్ళలోకి దూరింది. అది దూరినచోట ఒక ఆకు కాసేపు ఊగుతూనే ఉంది.